రాణి ఈగల దొంగ

తేనెపిన్నికి అల్లుడి మీద అనుమానం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. అతను అల్లుడు కావడమే చాలు. అయినా ఆ ఎండాకాలం చివర్లో కారణం కూడా దొరికింది. గయ్యాళి అని పేరుపడ్డ తేనెపెట్టెలో రాణి ఈగ మాయమైంది.

పిన్ని అంటే ఎవరికీ సొంత పిన్ని కాదు. ఊరి చివర వాలులో తేనెపెట్టెలు పెట్టుకుని బతికే ఆవిడను చిన్నా పెద్దా అందరూ అలాగే పిలుస్తారు. తేనె అమ్ముతుంది గానీ, ఆవిడ పేరు నిలబడింది తేనె మీద కాదు, రాణుల మీద. మంచి జాతి రాణి ఈగలను పెంచి, బొటనవేలంత జాలీ డబ్బీల్లో పెట్టి, తేనెపెట్టెలు ఉన్నవాళ్ళకు అమ్ముతుంది. ఆ రాణులన్నిటికీ తల్లులు కొన్నే ఉన్నాయి. గయ్యాళి పెట్టెలో ఒకటి, నీలిమూత పెట్టెలో ఒకటి, నెమ్మది పెట్టెలో ఒకటి, ఇంకా అలాంటివి నాలుగైదు. ఆ తల్లులు ఉంటేనే వచ్చే ఏడాది అమ్మడానికి రాణులు ఉంటాయి, ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. గయ్యాళి పెట్టె దగ్గరికి వెళ్తే ముఖం వాచి రావాల్సిందే, అయినా దాని తేనె ముందు మిగతావన్నీ దిగదుడుపే.

తేనెపెట్టెలో సంసారం నడిచే తీరంటే పిన్నికి ప్రాణం. పుట్టిన కూలి ఈగ ముందు తాను పుట్టిన గదినే శుభ్రం చేస్తుంది. కాస్త ఒళ్ళు గట్టిపడ్డాక పిల్లలకు మేత పెడుతుంది. తర్వాత మైనంతో గదులు కడుతుంది, ఆ తర్వాత గుమ్మంలో కాపలా కాస్తుంది, చివరికి పూల మీదికి వెళ్ళి రెక్కలు చిరిగేదాకా తిరిగి ఎక్కడో రాలిపోతుంది. ఇంట్లో ఎవరైనా చస్తే మోసుకెళ్ళి దూరంగా పారేసే ఈగలు కూడా ఉంటాయి. ఒకళ్ళు చెప్పేది లేదు, ఇంకొకళ్ళు మొహం ముడుచుకునేది లేదు. పిన్ని తన ఇంటిని కూడా అలాగే నడిపింది. కూతురికి ఊహ తెలిసినప్పుడు పళ్ళేలు కడగడం అప్పగించింది, కాస్త ఎదిగాక మైనం కరిగించడం, పెద్దయ్యాక తేనె తీసే యంత్రం. కూతురు ఏ రోజూ ఎదురు చెప్పలేదు. చెప్పనివాళ్ళకు చెప్పడానికేమీ లేదనుకోవడం పిన్ని అలవాటు.

ఇక మిగిలినవి మగవి, పోతుటీగలు. వాటికి కొండి ఉండదు, పని ఉండదు. కూలి ఈగలు నోటికి అందిస్తే తింటాయి, మధ్యాహ్నం ఎండలో షికారుకు వెళ్తాయి, మళ్ళీ భోజనం వేళకు తిరిగొస్తాయి. పూలు లేని కాలం వచ్చి తిండి తగ్గితే కూలి ఈగలే వాటిని రెక్క పట్టుకుని గుమ్మం బయటికి ఈడ్చేస్తాయి.

"మా అల్లుడుగారు అచ్చం అంతేనమ్మా, ఈడ్చేసేవాళ్ళే లేరు," అని పిన్ని పక్కింటావిడతో అంది. తడిబట్టలు ఆరేస్తున్న కూతురు ఆ మాట విన్నది. విని, చేతిలో ఉన్న దుప్పటిని మళ్ళీ ఒకసారి గట్టిగా పిండింది.

అల్లుడు దర్జీ. అతని కొట్టు ఎదురుగా కుట్టిన బట్టలు అమ్మే పెద్ద దుకాణం వచ్చింది. అప్పట్నుంచి అతని దగ్గరికి గుండీ ఊడినవాళ్ళూ, జిప్పు పాడైనవాళ్ళూ తప్ప ఎవరూ రాలేదు. కొట్టు మూసి, కుట్టుమిషను భుజాన వేసుకుని, పెళ్ళాంతో సహా అత్తగారింట్లో దిగాడు. మనిషి మెత్తన. తేనెటీగ దగ్గరికొస్తే కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడతాడు. తాను చూడకపోతే అదీ తనను చూడదని అతని ధైర్యం. పిన్నికి ఆ మెత్తదనమే నచ్చలేదు. ఇంత మంచిగా ఉన్నాడంటే లోపల ఏదో ఉండే ఉంటుందనుకుంది.

గయ్యాళి పెట్టె తెరిచిన రోజున పిన్ని తేనెపట్టు చట్రాలన్నీ రెండుసార్లు తిప్పి చూసింది. రాణి లేదు, కొత్త గుడ్లూ లేవు. చట్రాల మీద వేరుశెనగకాయల్లాంటి గదులు వేలాడుతున్నాయి. రాణి పోయినప్పుడు కూలి ఈగలు అలాంటి గదులు కట్టి, ఏదో ఒక పిల్లపురుగుకు ప్రత్యేకంగా మేత పెట్టి కొత్త రాణిని చేసుకుంటాయి. కానీ కొత్త రాణి ఎలా తయారవుతుందో, ఆ పాత జాతి గుణం దానికి వస్తుందో రాదో ఎవరికి తెలుసు? పోయిన రాణి ముసలిదీ కాదు, జబ్బుదీ కాదు. మొన్నటిదాకా గదిగదికీ గుడ్లు పెట్టిన తల్లి. వారం కిందట నీలిమూత పెట్టె రాణికీ దీనికీ చెరిగిన గుర్తుచుక్క దిద్దినప్పుడు పిన్ని చేత్తో పట్టుకుని చూసింది కూడా.

చచ్చి ఉండొచ్చు కదా అని మీరు అడగొచ్చు. పిన్ని కూడా తనను తాను ఒకసారి అడిగింది. అయితే చచ్చిందనుకుంటే ఎవరి మీదా కోపం రాదు, ఎత్తుకుపోయారనుకుంటే వస్తుంది. పిన్నికి ఆ రోజు కోపం కావాల్సి వచ్చింది.

పైగా సాక్ష్యం కళ్ళెదుటే కనబడింది. ఆ సాయంత్రమే అల్లుడు వెనక గేటు దగ్గర లారీ బాబాయితో చెవులు కొరుక్కుంటూ కనిపించాడు. లారీ బాబాయి పూలున్న చోటల్లా పెట్టెలను లారీలో తిప్పుకునే మనిషి. గయ్యాళి పెట్టె తల్లిని అమ్మమని పిన్నిని కాళ్ళావేళ్ళా పడి అడిగి, లేదనిపించుకున్నవాడు. అలాంటివాడితో, తేనెటీగను చూస్తే కళ్ళు మూసుకునే దర్జీకి ఏం మాటలుంటాయి? పిన్ని గొంతు సవరించుకోగానే ఇద్దరూ వాన గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు.

"ఏంటి అల్లుడుగారూ, బాబాయితో ఏదో పని పడినట్టుంది?" అంది పిన్ని తేనెలూరే గొంతుతో.

"అబ్బే, ఏం లేదత్తయ్యగారూ. ఊరికే," అన్నాడు. అంటూ చొక్కా జేబు మీద చెయ్యి వేసి మూసుకున్నాడు. జేబులోంచి జాలీ డబ్బీ అంచు మెరిసింది. రాణులను పెట్టి అమ్మే డబ్బీయే. ఆ రాత్రి పిన్నికి కంటిమీద కునుకు లేదు.

మర్నాడు కూతురూ అల్లుడూ బజారుకు వెళ్ళినప్పుడు పిన్ని వాళ్ళ గదిలోకి వెళ్ళింది. కిటికీ గడియ వేశారో లేదో చూద్దామని, అంతే. గడియ వేసే ఉంది. సరే వచ్చాను కదా అని దిండ్ల కింద చూసింది, కుట్టుమిషను సొరుగు లాగి చూసింది, మంచం కింద ఉన్న సంచీని కాలితో తట్టి చూసింది. కిటికీలో కూతురి ఎర్రటి గోళ్ళరంగు సీసా కనబడింది. పిన్ని దాన్ని ఎత్తి, మూత తీసి, వెలుతురులో పట్టుకుని, అలాగే నిలబడిపోయింది.

తన రాణులన్నిటికీ పిన్ని వీపు మీద ఎర్రచుక్క పెడుతుంది. ఆ గుంపులో రాణిని చప్పున కనిపెట్టడానికి అదొక గుర్తు. ఎవరైనా మంచి రాణిని తీసేసి, పనికిమాలిన రాణికి ఇదే రంగు చుక్క పెట్టి లోపల వదిలితే? పైనుంచి చూస్తే తెలుస్తుందా? ఇంతవరకూ దొంగ ఒకడే అనుకుంది. ఇప్పుడు సీసా ఎవరిదో గుర్తొచ్చి, మూత బిగించకుండానే దాన్ని కిటికీలో పెట్టేసింది. కాసేపటికి తనను తాను సర్దుకుంది. పిల్ల అమాయకురాలు, వాడే వాడుకుని ఉంటాడు.

ఆ రోజు నుంచి పిన్ని కళ్ళల్లో వత్తులేసుకుని కాపలా కాసింది. తెల్లవారగానే, ఇంట్లో ఇంకా ఎవరూ లేవకముందే, ఈగలను నెమ్మదింపజేసే పొగడబ్బా రాజేసుకుని వాలులోకి దిగేది. మంచి పెట్టెలన్నీ వరసగా తెరిచేది. చట్రాలు ఎత్తి, రాణిని వెతికి, రెక్కలు పట్టుకుని పైకి తీసి, కళ్ళజోడు పెట్టుకుని చుక్కను పరీక్షగా చూసేది. తన చేతి చుక్కేనా? అంచు గుండ్రంగా ఉందా? తనదేనని నమ్మకం కుదిరాక లోపల వదిలి, గబగబా మూత వేసి, పక్క పెట్టెకు వెళ్ళేది. అల్లుడు లేచి పళ్ళు తోముకుంటూ వచ్చేసరికి పిన్ని ఏమీ ఎరగనట్టు మొక్కలకు నీళ్ళు పోస్తూ కనబడేది.

అంత కాపలా కాసినా నీలిమూత పెట్టెలో రాణి పోయింది. తర్వాత దాని పక్క పెట్టెలో. పోయేకొద్దీ పిన్ని మరింత జాగ్రత్త పడింది. సాయంత్రాలు కూడా తెరవడం మొదలుపెట్టింది.

"మళ్ళీ తెరిచావామ్మా?" అంది కూతురు ఒకరోజు, వాలు మీద నిలబడి. "పూలు లేని రోజులు కదా, అసలే చిరాకు మీదుంటాయి. నాన్న ఉంటే ఈ రోజుల్లో మూత మీద చెయ్యి వెయ్యనిచ్చేవాడా?"

"మీ నాన్న ఉన్నప్పుడు ఇంట్లో దొంగలు లేరు."

కూతురు వాలు దిగి దగ్గరికి వచ్చింది. తర్వాత మెల్లగా అడిగింది. "అమ్మా, నిన్న మా గదిలోకి వచ్చావా?"

"నాకేం పని? కిటికీ గడియ చూద్దామని వచ్చానేమో."

"మొన్నా?"

"గాలి వస్తోంది మరి!" అంది పిన్ని విసుగ్గా. కూతురు లోపలికి వెళ్ళిపోయింది. ఈ పిల్లకు మొగుడి మీద ఈగ వాలనివ్వకపోవడం ఒక్కటే తెలుసు, కన్నతల్లి నోటిదగ్గర కూడు పోతున్నా పట్టదు అని పిన్ని గొణుక్కుంది. తెలివైన మనిషే గానీ, ఆ సమయంలో కూతురి ముఖం చూడాలని ఆవిడకు తోచలేదు.

చివరికి తల్లి రాణుల్లో నెమ్మది పెట్టెలో ఒకటీ, దాని వెనక పెట్టెలో ఒకటీ మిగిలాయి. ఆ రోజు అల్లుడు సంచీ పట్టుకుని బస్సుకు బయల్దేరుతుంటే పిన్ని గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"సంచీ ఇలా ఇవ్వండి అల్లుడుగారూ."

"ఇందులో ఏముందత్తయ్యగారూ... ఏవో నా బట్టలు..." అతని ముఖం తెల్లబోయింది. ఆ తెల్లబోవడం చూసి పిన్నికి ఎన్నాళ్ళకో కడుపు నిండినట్టయింది. సంచీ లాక్కుని బల్ల మీద బోర్లించింది.

జాలీ డబ్బీ దొర్లి కింద పడి మూత ఊడింది. లోపల్నుంచి గుండుసూదులు నేలంతా చిమ్మాయి. బల్ల మీద మాత్రం తెల్లటి వలగుడ్డతో కుట్టిన ముసుగులు గుట్టగా పడ్డాయి. తేనె తీసేటప్పుడు ముఖానికి వేసుకునే ముసుగులు.

"లారీ బాబాయి మనుషులకు కుడుతున్నాను," అన్నాడు అల్లుడు, తప్పు చేసినవాడిలా తలొంచుకుని. "ఈ ఇంట్లో తేనె పని తప్ప ఇంకో పని జరగడానికి వీల్లేదని మేం వచ్చిన రోజే మీరు అన్నారు కదండీ. అందుకని చెప్పలేదు. డబ్బీ చెత్తలో పడుంటే సూదులకు బావుంటుందని తీసుకున్నాను."

ఇంకెవరైనా అయితే అక్కడితో నవ్వేసి ఊరుకునేవాళ్ళు. పిన్ని ఊరుకోలేదు. ఇన్నాళ్ళు మోసిన అనుమానాన్ని గుండుసూదుల కోసం దించేస్తుందా?

"సూదులు పట్టిన డబ్బీలో రాణి పట్టదా?" అంది. "నా రాణులు ఏమయ్యాయో తేలేదాకా మీరు ఈ ఇంట్లో ఉండటానికి వీల్లేదు."

కూతురు చేతిలో ఉన్న తేనె జల్లెడను పక్కన పెట్టి వచ్చింది. అరవలేదు, ఏడవలేదు. "పదండి, సామాను సర్దుకుందాం," అంది మొగుడితో.

"నిన్నెవరు పొమ్మన్నారే?" అంది పిన్ని.

"నన్నెవరూ ఏమీ అనలేదులే అమ్మా," అని కూతురు గదిలోకి వెళ్ళింది.

పిన్ని విసురుగా వాలులోకి దిగింది. పోతే పోనీ, రెండు రోజుల్లో తనే తిరిగొస్తుంది, ఎక్కడికి పోతుంది? వెనక పెట్టె తెరిచి రాణిని పట్టుకుని చూసింది. ఉంది. నెమ్మది పెట్టెకు వచ్చి మూత తీసింది. అక్కడా ఉంది, చుక్క తనదే. మళ్ళీ చట్రం మీద వదిలింది. రోజూ అయితే అప్పుడే మూత వేసేసి వెళ్ళిపోయేది. ఇవాళ వాళ్ళు సామాను సర్దుకుంటున్న ఇంట్లోకి వెళ్ళబుద్ధి కాక, చట్రం ఒళ్ళో పెట్టుకుని పక్కనున్న ఖాళీ పెట్టె మీద కూలబడింది.

అందుకే చూడగలిగింది.

రాణి ఒక అడుగు నడిచింది. ఎదురొచ్చిన కూలి ఈగ దాన్ని వాసన చూసి వెనక్కి తగ్గింది. ఇంకొకటి వచ్చి వాసన చూసి కాలు పట్టుకుని లాగింది. పిన్నికి ముందు అర్థం కాలేదు. మూడోది రెక్క పట్టుకుంది. అంతే, నాలుగు వైపుల నుంచీ వచ్చి మీద పడ్డాయి. చూస్తూ ఉండగానే నిమ్మకాయంత ఉండ తయారైంది. ఎర్రచుక్క ఎక్కడా కనబడలేదు.

పరాయి రాణిని ఈగలు ఇలాగే చుట్టుముట్టి, ఊపిరాడకుండా చేసి, తమ ఒంటి వేడితో చంపుతాయి. అది పిన్నికి చిన్నప్పట్నుంచీ తెలుసు. కానీ ఇది పరాయిది కాదే! ఈ పెట్టెలో ప్రతి ఈగా దీని కడుపున పుట్టిందే!

బకెట్లో నీళ్ళు తెచ్చి ఉండను అందులో వేసింది. ఉండ విడిపోయింది. ఈగలు ఈదుకుంటూ అంచుకు చేరాయి. రాణి మాత్రం మధ్యలో తేలింది. ఒక కాలు కదిపింది, తర్వాత అదీ లేదు. వీపు మీద ఎర్రచుక్క చెక్కు చెదరలేదు.

పిన్ని తన కుడిచేతి వేళ్ళను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. పొగ వాసన తప్ప ఏమీ తెలియలేదు. మనిషి ముక్కుకు తెలియదు, ఈగలకు తెలుస్తుంది. ఇప్పుడే వెనక పెట్టె రాణిని పట్టుకున్న వేళ్ళు ఇవి. ఆ వాసన దీనికి అంటించి, చిరాకు మీద ఉన్న ఈగల మధ్య వదిలింది. నిన్నా అంతే చేసింది, మొన్నా అంతే, గయ్యాళి పెట్టె రాణికి చుక్క దిద్దిన రోజూ అంతే. ఒక రాణి తర్వాత ఒక రాణిని, తనవో కావో చూసుకోవడానికి, అదే చేత్తో పట్టుకుని పరాయిదాన్ని చేసి వదిలింది. మూత వేసి తాను వెళ్ళాక లోపల పని జరిగింది. శవాన్ని మోసే ఈగలు తెల్లారేలోగా దూరంగా పారేశాయి. దొంగ ఎవరో ఇన్నాళ్ళకు తేలింది.

పిన్ని రాణిని నీళ్ళలోంచి తీసి అరచేతిలో పెట్టుకుంది. రాణిని గడ్డిలోకి విసిరేస్తే చీమలు చూసుకుంటాయి. ఎవరికీ తెలియదు. అల్లుడే తీశాడని చచ్చేదాకా చెప్పుకోవచ్చు. ఆ ఆలోచన వచ్చిన మాట నిజం, దాన్ని ఆవిడ కాసేపు ఒళ్ళో పెట్టుకుని చూసిన మాటా నిజం. కానీ ఇంట్లోంచి కుట్టుమిషను ఈడుస్తున్న చప్పుడు వినబడింది. ఆ చప్పుడుకు పిన్ని దిగ్గున లేచింది.

గది గుమ్మంలో నిలబడి చెయ్యి చాపింది. అరచేతిలో రాణి ఉంది.

"నేనే చంపానే," అంది. "అన్నిటినీ నేనే. ఒకదాన్ని పట్టుకున్న చేత్తో ఇంకోదాన్ని పట్టుకున్నాను. ఎవరూ తియ్యలేదు. అల్లుడుగారూ, నోరు జారాను. పెద్దదాన్ని, మనసులో పెట్టుకోకండి."

అల్లుడి ముఖం విప్పారింది. "అయ్యో, పోన్లెండి అత్తయ్యగారూ! తేలిపోయింది కదా, అంతే చాలు. మీరు కూర్చోండి ముందు," అంటూ కుట్టుమిషనును మళ్ళీ గోడవైపు తోశాడు. కట్టిన మూట ముడి విప్పడానికి వంగాడు కూడా. పిన్నికి ఆ క్షణంలో అతను నిజంగా ముద్దొచ్చాడు.

"ఆ ముడి ఉండనివ్వండి," అంది కూతురు.

చీర మడత పెడుతూనే ఉంది. తల్లి చేతిలో ఏముందో ఒకసారి చూసింది, చూపు తిప్పుకుంది.

"అదేంటే? నేనే చేశానని చెప్తున్నాను కదా!"

"విన్నానమ్మా. ఆయన దొంగ కాదని తేలింది కాబట్టి ఉండమంటున్నావు. తేలకపోయుంటే?" చీర పెట్టెలో పెట్టింది. "నా దిండు కింద చెయ్యి పెట్టావు. నా గోళ్ళరంగు సీసా తిరగేసి చూశావు, మూత సరిగ్గా పెట్టలేదు, ఎండిపోయింది. రోజూ గదిలోకి రాగానే ఇవాళ ఏం కదిపిందో అని వెతుక్కునేదాన్ని. సొంత పుట్టింట్లో. ఈగలకు మాటలు రావు కాబట్టి తల్లి మీద పడ్డాయి. నాకు వచ్చు కాబట్టి చెప్పి వెళ్తున్నాను."

"ఇంకెప్పుడూ రానే. ఒట్టు. గది దరిదాపులకు కూడా రాను."

కూతురు పెట్టె మూసింది. అల్లుడు ఇద్దరి ముఖాలూ మార్చిమార్చి చూసి, ఎటూ పాలుపోక, కుట్టుమిషనును మళ్ళీ భుజానికెత్తుకున్నాడు. పిన్ని వాళ్ళ వెనకే వీధి గేటు దాకా వచ్చింది. చెయ్యి ఇంకా గుప్పిట పట్టే ఉంది.

"ఎక్కడ ఉంటారైనా చెప్పండి బాబూ," అంది అల్లుడితో. మొదటిసారి అతన్ని బాబూ అని పిలిచింది.

"దగ్గరేనండీ, బస్టాండు వెనక సందులో, రెండో..."

"చెప్పకండి," అంది కూతురు వెనక్కి తిరక్కుండానే. "చెబితే రేపు తెల్లవారేసరికి వచ్చేస్తుంది."

రానని చెప్పడానికి పిన్ని నోరు తెరిచింది. అప్పటికే ఆవిడ మనసు బస్టాండు వెనక సందులు ఎన్ని ఉన్నాయో వెతుకుతోంది. నోరు మూసుకుని, గేటు పట్టుకుని నిలబడింది.